ప్రాగ్ నగరంలో జర్మన్ రాయబారి మేడ



రాయబారం అనే మాట మనకు కొత్త కాదు. శ్రీకృష్ణ రాయబారం పద్యాలు వినని తెలుగు ఊరు ఉండదేమో. లంకలో పట్టుబడిన హనుమంతుణ్ణి రావణుడు చంపించబోతే, దూతను చంపడం ధర్మం కాదని అడ్డుపడినవాడు విభీషణుడు. ప్రాణం దక్కింది గాని తోకకు మాత్రం నిప్పు పెట్టనే పెట్టారు! ఆనాటినుంచి ఈనాటిదాకా రాయబారుల సంగతి ఇంతే. నియమం నియమమే, దాని చుట్టూ జరిగే గడబిడ గడబిడే.

ఇప్పటి రాయబారి సందేశం చెప్పి వెనక్కి వచ్చేసేవాడు కాదు. ప్రతి దేశమూ మరో దేశపు రాజధానిలో ఒక కార్యాలయం పెట్టుకుని, తన మనుషుల్ని కాపురాలతో సహా అక్కడ ఉంచుతుంది. దాన్నే రాయబార కార్యాలయం అంటాం, వాడుకలో ఎంబసీ అంటాం. వీసా కోసం బారులు తీరి నుంచున్నవాళ్ళకి తప్ప మిగిలినవాళ్ళకి ఆ గోడల వెనక ఏం జరుగుతుందో తెలియదు. విందులు, కరచాలనాలు, జెండా పండుగలు, అంతే కాబోలు అనుకుంటాం. ఈ రోజు మీకు అలాంటి ఒక ఎంబసీ కథ చెబుతాను. చెకోస్లొవేకియా రాజధానిగా ఉన్న రోజుల్లో ప్రాగ్ నగరంలో పశ్చిమ జర్మనీ వారి ఎంబసీ అది. ఈ కథలో రాజులు లేరు, యుద్ధాలు లేవు. చంటిబిడ్డల తల్లులున్నారు, వంటవాళ్ళున్నారు, ఒక ఇనుప కంచె ఉంది, ఒక బాల్కనీ ఉంది.

ముందుగా ఒక చిన్న సందేహం తీర్చుకుందాం. ఎంబసీ ఉన్న నేల ఆ విదేశానిదే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. నేల ఎప్పుడూ ఆతిథ్యమిచ్చిన దేశానిదే. కాని 1961 ఏప్రిల్ 18న వియన్నాలో దేశాలన్నీ చేసుకున్న ఒడంబడిక ప్రకారం, రాయబారి అనుమతి లేకుండా ఆ దేశపు పోలీసు గాని, అధికారి గాని గేటు దాటి లోపలికి అడుగు పెట్టకూడదు. అద్దె ఇల్లయినా సరే, అద్దెకున్నవారు రమ్మంటే తప్ప ఇంటి యజమాని లోపలికి రాకూడదన్నమాట. ఈ ఒక్క నియమం గుర్తుంచుకోండి. తరువాత కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఇక మేడ సంగతి. ప్రాగ్ నగరం వ్ల్టావా నదికి రెండు ఒడ్డుల మీదా ఉంటుంది. పడమటి ఒడ్డున కోట కింద ఉన్న పాత పేటను మాలా స్ట్రానా అంటారు. ఆ పేటలో, పెత్ర్షీన్ అనే కొండ వాలులో లోబ్కోవిట్స్ భవనం ఉంది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఒక జమీందారు దాన్ని కట్టించాడు. నమూనా గీసినవాడు అలిప్రాండి అనే ఇటలీ శిల్పి. కట్టించినాయన అప్పులపాలై మేడ పోగొట్టుకున్నాడు. మన దగ్గరా ఇలాంటి మేడలు లేకపోలేదు. 1753లో అది లోబ్కోవిట్స్ వంశం చేతికి వచ్చింది, ఆ పేరే నిలిచిపోయింది. ఆ వంశంవారు 1927లో దాన్ని చెకోస్లొవేకియా ప్రభుత్వానికి అమ్మేశారు. ముందువైపు ఇరుకు వీధి, లోపల గుండ్రటి చావడి, వెనకవైపు కొండమీదికి సాగిన పెద్ద తోట, తోట చుట్టూ ఇనుప ఊచల కంచె. మేడ అందాన్ని గూర్చి చెప్పేవారు గోపురాల్నీ మెట్లనీ పొగుడుతారు గాని, మన కథకు కావలసింది ఆ కంచె.

జర్మన్లు ఆ ఇంట్లోకి రావడం అంత తేలికగా జరగలేదు. 1939 మార్చిలో హిట్లర్ సైన్యాలు ప్రాగ్‌లోకి దిగాయి. 1942లో లిడిట్సే అనే ఊరిని నామరూపాల్లేకుండా చేశాయి. మగవాళ్ళను కాల్చేశారు, ఆడవాళ్ళను నిర్బంధ శిబిరాలకు పంపారు. యుద్ధం ముగిశాక చెకోస్లొవేకియాలో తరతరాలుగా ఉంటున్న జర్మన్లను, సుమారు ముప్పై లక్షల మందిని, దేశంనుంచి వెళ్ళగొట్టారు. రెండు వైపులా గాయాలే. అందుకే పశ్చిమ జర్మనీకీ చెకోస్లొవేకియాకీ రాయబారులు ఏర్పడడానికి 1973 డిసెంబరు దాకా పట్టింది. ఆ తరువాతి ఏడు, 1974లో, పశ్చిమ జర్మనీ ఎంబసీ ఈ మేడలో కాపురం పెట్టింది.

పశ్చిమ జర్మనీ అంటున్నాను కదా. ఈ తరం పిల్లలకి ఆ సంగతి తెలియకపోవచ్చు. యుద్ధంలో ఓడిన జర్మనీ 1949లో రెండు ముక్కలయింది. పశ్చిమాన ఒక ప్రభుత్వం, దాని రాజధాని బాన్. తూర్పున రష్యావారి అండతో కమ్యూనిస్టు ప్రభుత్వం, దానికి తూర్పు బెర్లిన్ రాజధాని. అన్నదమ్ములు వాటాలు పంచుకుంటే నడుమ గోడ లేవడం మనకు తెలిసిందే. కాని ఇక్కడ గోడ కట్టింది అన్నదమ్ములు కొట్టుకోకుండా ఉండడానికి కాదు, ఒక వాటాలోని వాళ్ళు రెండో వాటాలోకి వెళ్ళిపోకుండా ఆపడానికి. 1949 నుంచి 1961 వరకు సుమారు 27 లక్షలమంది తూర్పునుంచి పడమటికి వెళ్ళిపోయారు. వాళ్ళలో డాక్టర్లు, పంతుళ్ళు, పనివాళ్ళు అందరూ ఉన్నారు. 1961 ఆగస్టు 13న తూర్పు ప్రభుత్వం బెర్లిన్ నడిబొడ్డున ముళ్ళతీగ లాగి, తరువాత దాన్ని గోడ చేసింది. ముసలివాళ్ళకు తప్ప మామూలు మనిషికి పడమటి దేశాలకు వెళ్ళడానికి అనుమతి దొరకడం గగనం. వెళ్ళిపోతామని అర్జీ పెట్టుకుంటే ఉద్యోగానికి ఎసరు, పిల్లల చదువుకు అడ్డు. తూర్పున తిండికీ ఇంటికీ లోటులేదని, పనిచేసే తల్లుల పిల్లలకు శిశుశాలలుండేవని ఆ దేశాన్ని మెచ్చుకునేవారు చెప్పేవారు. అందులో నిజమూ ఉంది. కాని తలుపు బయటినుంచి గొళ్ళెం పెట్టి ఉంటే లోపల ఎన్ని సౌకర్యాలుంటే ఏం లాభం?

ఇక్కడ న్యాయానికి సంబంధించిన కిటుకు ఒకటుంది. పశ్చిమ జర్మనీ తన రాజ్యాంగంలో జర్మన్లందరికీ పౌరసత్వం ఒక్కటే అని రాసుకుంది. అంటే తూర్పు జర్మనీ మనిషి ప్రపంచంలో ఏ ఊళ్ళోనైనా పశ్చిమ జర్మనీ ఎంబసీ తలుపు తడితే అతను పరాయివాడు కాడు, ఆశ్రయం అడిగే శరణార్థి కాడు, తన ఇంటికి వచ్చినవాడే. అతనికి పాస్‌పోర్టు ఇవ్వవలసిందే. ఇవ్వడం సులభమే. ఆ పాస్‌పోర్టు పట్టుకుని ఎంబసీ గేటు దాటి బయటికి వస్తే చెకోస్లొవేకియా పోలీసులు పట్టుకుని తూర్పు జర్మనీకి అప్పగిస్తారు, అక్కడ జైలు. అంటే లోపల ఉన్నంతసేపే రక్ష. లోపలికి రావడానికి దారి ఉంది, బయటికి వెళ్ళడానికి లేదు.

అలా లోపలికి వచ్చి కూర్చోవడం 1989కి ముందే మొదలయింది. 1984లో తూర్పు జర్మనీ ప్రధానమంత్రి విల్లీ ష్టోఫ్‌కి స్వయాన బంధువైన ఒకామె, అన్నదమ్ముల పిల్ల, కుటుంబంతో సహా ఈ ఎంబసీలోకి వచ్చి కూర్చుంది! అప్పట్లో ఇటువంటి చిక్కుల్ని చాటుమాటుగా విప్పేవారు. తూర్పు బెర్లిన్‌నుంచి ఫోగెల్ అనే వకీలు వచ్చి, "ఇప్పటికి ఇంటికి వెళ్ళండి, మీమీద కేసు పెట్టరు, కొన్నాళ్ళకు సరిగ్గా అనుమతి ఇప్పిస్తాం" అని నచ్చచెప్పేవాడు. పడమటివాళ్ళు లోపల లోపల డబ్బు కూడా చెల్లించేవారు. పదిమందో ఇరవైమందో అయితే ఈ పద్ధతి సాగింది.

1989లో లెక్క తప్పింది. ఆ మే నెలలో హంగెరీ దేశం ఆస్ట్రియా సరిహద్దులో ముళ్ళకంచె తీసేయడం మొదలుపెట్టింది. వేసవి సెలవులకు హంగెరీ వెళ్ళిన తూర్పు జర్మన్లు వెనక్కి రావడం మానేశారు. సెప్టెంబరు 11న హంగెరీ తన సరిహద్దు పూర్తిగా తెరిచేసింది. తూర్పు జర్మనీ వెంటనే తనవాళ్ళను హంగెరీ వెళ్ళనివ్వకుండా కట్టడి చేసింది. ఇక వీసా లేకుండా వెళ్ళగల దేశం చెకోస్లొవేకియా ఒక్కటే మిగిలింది. నీళ్ళకు ఒక కాలువ మూసేస్తే రెండో కాలువ పొంగుతుంది కదా? ప్రాగ్ పొంగింది.

కార్లో, రైల్లో వచ్చి మాలా స్ట్రానా వీధుల్లో దిగేవారు. తూర్పు జర్మనీలో ట్రాబంట్ అనే చిన్న కారు ఉండేది. డబ్బు ఉన్నా, పేరు రాయించుకుని పదేళ్ళకు పైగా ఎదురుచూస్తేనే దొరికేది. ఆ కారును వీధి పక్కన వదిలేసి, తాళాలు కూడా అందులోనే పెట్టేసి, చంకన బిడ్డతో ఎంబసీకి నడిచి వచ్చారు. పదేళ్ళు కాచుకుని కొనుక్కున్న వస్తువును ఒక్క నిమిషంలో వదిలేశారంటే వాళ్ళు వెనక్కి వెళ్ళే ఆలోచనతో రాలేదని మీకూ నాకూ వేరే చెప్పనక్కరలేదు.

జనం ఎక్కువయ్యాక ఆగస్టు చివరలోనే ఎంబసీ ముందుగేటు మూసేశారు. ముందువైపు మూస్తే వెనకవైపు తోట ఉండనే ఉంది. కంచె మనిషికంటె ఎత్తు, పైన మొనలు. మగవాడు ముందు ఎక్కి అవతలికి దూకేవాడు. తల్లి బిడ్డను పైకెత్తి అందించేది. ఆ తరువాత పిల్లల బండిని పైనుంచి దాటించేవారు. కొన్నిసార్లు చెక్ పోలీసులు వచ్చి ఎక్కుతున్నవాళ్ళ కాళ్ళు పట్టుకు లాగేవారు. లోపలివాళ్ళు చేతులు పట్టుకుని ఇటు లాగేవారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. కంచెకు అవతల చెకోస్లొవేకియా పోలీసు, ఇవతల వియన్నా ఒడంబడిక. నడుమ వేలాడుతున్నవాడు మాత్రం మనిషి.

ఈ జనాన్ని రానివ్వడమా, మానడమా అన్నది రాయబారి హెర్మన్ హుబర్ ముందున్న ప్రశ్న. ఆతిథ్యమిచ్చిన ప్రభుత్వం సణుగుతూనే ఉంది. తోట పాడవుతోంది, ఆఫీసు పని ఆగిపోయింది. కంచెమీద ముళ్ళతీగ చుట్టించి, కాపలా పెట్టించి ఉంటే జనం ఆగిపోయేవారు. ఆయన ఆ పని చేయలేదు. కంచె ఎక్కి వచ్చినవాళ్ళకు ఇవతలివైపునుంచి చేయి అందించారు. ఈ కథలో పెద్ద నిర్ణయం ఇదేనని నా ఉద్దేశం. తరువాత జరిగిన మంత్రుల మంతనాలన్నీ దీని తరువాతివే.

అక్కాచెల్లెళ్ళారా, ఇంటికి పదిమంది చుట్టాలు చెప్పకుండా వస్తేనే మనకు చేతులాడవు. బియ్యం ఎన్ని పోయాలి, పక్కలెక్కడ వెయ్యాలి, నీళ్ళు చాలుతాయా అని కంగారుపడతాం. సెప్టెంబరు నెలాఖరుకు ఆ మేడలోనూ తోటలోనూ సుమారు 4,000 మంది ఉన్నారు. వాళ్ళలో కొన్ని వందలమంది పిల్లలు. విందులు జరిగే హాళ్ళల్లో మూడంతస్తుల మంచాలు వేశారు. అవీ చాలక వంతులవారీగా పడుకున్నారు. ఒకరు లేస్తే ఆ వెచ్చని పక్కమీదే ఇంకొకరు. పాలరాతి మెట్లమీద మెట్టుకొకరు చొప్పున తల వాల్చారు. తోటలో రెడ్ క్రాస్ వారు గుడారాలు వేశారు, పెద్ద పెద్ద వంటపాత్రలు తెచ్చి పొయ్యిలు పెట్టారు. తిండికి బారు, నీళ్ళకు బారు, మరుగుదొడ్డికి అన్నిటికంటె పొడుగైన బారు. పైనుంచి వాన. పచ్చికంతా పోయి మడమలోతు బురద అయింది. చలి మొదలవుతోంది. ఒక్క అంటువ్యాధి పుట్టిందంటే ఏమవుతుందోనని డాక్టర్ల గుండెలు పీచుపీచుమంటుండేవి.

ఆ పరిస్థితిలో కూడా పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టి ఆడించి, పాఠాలు చెప్పడానికి ఏర్పాటు చేశారు. ఎంబసీ ఉద్యోగులు ఫైళ్ళు పక్కనపెట్టి దుప్పట్లు పంచారు, పాలు కాచారు. రాయబారి, ఆయన భార్య కూడా ఆ జనం మధ్యే ఉన్నారు. చరిత్ర పుస్తకాల్లో మంత్రుల పేర్లుంటాయి గాని, ఆ వారాల్లో నాలుగువేల మందికి గంజి పోసిన చేతుల పేర్లు ఉండవు. ఇల్లు నడిపినవాళ్ళకి తెలుస్తుంది, అది మంత్రాంగంకంటె తక్కువ పనేమీ కాదని.

కంచె బయట ప్రాగ్ నగరవాసులు చూస్తూ ఉండేవారు. కొందరు టీ, రొట్టె తెచ్చి అందించారు. జర్మన్ సైనికుల బూట్ల చప్పుడు విన్న తరం ఇంకా బతికే ఉంది ఆ ఊళ్ళో. 1968లో రష్యా కూటమి టాంకులు తమ వీధుల్లోకి వచ్చినప్పుడు ఎవరూ ఆదుకోలేదన్న బాధ కూడా వాళ్ళకు ఉంది. అయినా బిడ్డనెత్తుకున్న తల్లి ఏ దేశస్థురాలైతేనేం?

వకీలు ఫోగెల్ సెప్టెంబరు చివర్లో మళ్ళీ వచ్చాడు. ఆరు నెలల్లో అనుమతి ఇప్పిస్తామన్నాడు. కొందరు నమ్మి వెళ్ళారు. ఎక్కువమంది కదలలేదు. ఇదివరకు ఆయన చెప్పిన మాట చాలావరకు నిలబెట్టుకున్నవాడే. కాని ఇప్పుడు ఆయన వెనక ఉన్న ప్రభుత్వాన్ని జనం నమ్మడం మానేశారు. మాట ఇచ్చేవాడు మంచివాడైతే చాలదు, ఆ మాటకు పూచీ ఉండేవాడు కూడా నమ్మదగినవాడై ఉండాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్కులో ఐక్యరాజ్య సమితి సభలు జరుగుతున్నాయి. పశ్చిమ జర్మనీ విదేశాంగ మంత్రి హాన్స్ డీట్రిష్ గెన్షర్‌కు ఆ జులైలోనే గుండెపోటు వచ్చింది. అయినా వెళ్ళి తూర్పు జర్మనీ మంత్రిని కలిశాడు, చెకోస్లొవేకియా మంత్రిని కలిశాడు, రష్యా విదేశాంగ మంత్రి షెవర్ద్నాద్జేను కలిశాడు. గెన్షర్ తరువాత చెప్పుకున్న ప్రకారం, షెవర్ద్నాద్జే అంతా విని ఒకే ప్రశ్న వేశాడట: వాళ్ళలో పిల్లలున్నారా, ఎంతమంది అని. వందలమంది ఉన్నారని గెన్షర్ చెప్పగానే, సాయం చేస్తానన్నాడట. లెక్కలూ, ఒడంబడికలూ, గౌరవ మర్యాదలూ ఎన్ని ఉన్నా చివరికి ముడి విప్పిన ప్రశ్న ఏ ఇంటి ఇల్లాలైనా మొట్టమొదట అడిగే ప్రశ్నే!

తూర్పు జర్మనీకి తొందర కూడా ఉంది. అక్టోబరు 7న ఆ ప్రభుత్వం తన నలభయ్యవ పుట్టినరోజు ఘనంగా చేసుకోవాలనుకుంటోంది. ఈ తోటలోని గుడారాల బొమ్మలు రోజూ టీవీలో వస్తుంటే పండుగ ఏం కళకడుతుంది? అందుకని ఒప్పుకుంది, ఒక షరతు మీద. జనాన్ని రైళ్ళలో పంపాలి. ఆ రైళ్ళు తిన్నగా పడమటికి పోకూడదు, తూర్పు జర్మనీ నేలమీదుగా పోవాలి. అక్కడ తామే వాళ్ళ కాగితాలు తీసుకుని, దేశంనుంచి పంపివేస్తున్నట్లు లోకానికి చూపించుకోవాలి. వాళ్ళు పారిపోయారన్నది నిజం, మేమే పంపించామన్నది పరువు.

1989 సెప్టెంబరు 30. శనివారం. సాయంత్రం ఏడు కావస్తుండగా చీకటి పడింది. న్యూయార్కునుంచి తిరిగివచ్చి, అదే రోజున బాన్‌నుంచి ప్రాగ్‌కు వచ్చిన గెన్షర్, చాన్సలర్ కార్యాలయపు మంత్రి సైటర్స్‌తో కలిసి తోటవైపు బాల్కనీలోకి వచ్చాడు. కింద నాలుగువేల మొహాలు పైకెత్తి చూస్తున్నాయి. ఈ రోజున మీ ప్రయాణానికి అనుమతి లభించిందని చెప్పడానికి నోరు తెరిచాడు. వాక్యం సగంలో ఉండగానే తోటంతా ఒక్క పొలికేక. మిగతా సగం ఎవరికీ వినిపించలేదు. జర్మనీ దేశపు చరిత్రలో బహుశా అందరికంటె ఎక్కువమందికి తెలిసిన వాక్యం ఆ పూర్తికాని వాక్యమే. ఏడ్చినవాళ్ళు ఏడుస్తున్నారు, తెలియనివాళ్ళను కావలించుకున్నవాళ్ళు కావలించుకుంటున్నారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. చాలామంది ఇక్కడితోనే ఆపేస్తారు. కాని అసలు పరీక్ష ఆ తరువాతి నిమిషంలో వచ్చింది. రైళ్ళు తూర్పు జర్మనీ గుండా పోతాయని చెప్పేసరికి సంతోషం కాస్తా ఆవిరైపోయింది. వద్దు వద్దని కేకలు వేశారు. ఎందుకు వెయ్యరు? ఏ ఇంటినుంచి ప్రాణాలకు తెగించి బయటపడ్డారో, మళ్ళీ ఆ ఇంటి నట్టింట్లోంచే దారి అంటున్నారు. తలుపులు బిగించిన రైలును దారిలో ఎక్కడ ఆపి దింపేసినా దిక్కెవరు? అప్పుడు గెన్షర్ తన సంగతి చెప్పాడు. తానూ తూర్పున హాలే ఊరి దాపున పుట్టినవాడినేనని, 1952లో ఇలాగే ఇల్లూవాకిలీ విడిచి వచ్చినవాడినేనని చెప్పాడు. మీకేమీ కాదు, నేను పూచీ అన్నాడు. రైలుకు కొందరు చొప్పున పశ్చిమ జర్మనీ అధికారులు మీతోపాటే కూర్చుని వస్తారన్నాడు. తానే వెంట వెళ్ళాలని ఆయన అనుకున్నాడు గాని తూర్పువారు ఒప్పుకోలేదు.

జనం బస్సులెక్కారు. ప్రాగ్ శివార్లలోని లిబెన్ స్టేషనులో రైళ్ళెక్కారు. బాల్కనీ మీది మాటకంటె, బస్సు మెట్టుమీద పెట్టిన ఆ మొదటి అడుగే గొప్పదని నాకు తోస్తుంది. నలభై ఏళ్ళు ఏ మాటనూ నమ్మకూడదని నేర్చుకున్న మనుషులు, ఒక మాటను నమ్మి, పిల్లలను ఎత్తుకుని, శత్రువు ఇంటి గుండా పోయే బండి ఎక్కారు.

ఆ రాత్రి రైళ్ళు డ్రెస్డెన్ మీదుగా పోయాయి. దారిలో తూర్పు జర్మనీ అధికారులు బండ్లెక్కి గుర్తింపు కాగితాలు పట్టుకున్నారు. కొందరు కాగితాలను వాళ్ళ కాళ్ళదగ్గర విసిరేశారు. ఇక పనికిరాని డబ్బునీ, ఇంటి తాళంచెవులనీ కిటికీల్లోంచి పారేసినవాళ్ళున్నారు. తాళంచెవి అంటే ఏమిటో మనకు తెలుసు. పెళ్ళయి వచ్చినప్పటినుంచి కొంగున ముడివేసుకుని తిరిగేది. ఆ తాళం వెనక మంచం ఉంది, వంటగిన్నెలున్నాయి, పక్కింట్లో తల్లో తండ్రో ఉన్నారు. వాళ్ళను మళ్ళీ ఎప్పుడు చూస్తామో ఆ రాత్రి ఎవరికీ తెలియదు. సంతోషంతోపాటు ఆ బరువు కూడా ఆ రైళ్ళలోనే ప్రయాణం చేసింది. పట్టాల పక్క ఇళ్ళల్లోంచి జనం చేతులూపారు. తెల్లవారేసరికి, అక్టోబరు 1న, మొదటి బండి బవేరియాలోని హోఫ్ స్టేషను చేరింది. ఇచ్చిన మాట నిలబడింది.

వెళ్ళినవాళ్ళ గూర్చి కన్నీరు కార్చనవసరం లేదని తూర్పు జర్మనీ పత్రికలో రాశారు. ఆ ముక్క అధినేత హోనెకర్ స్వయంగా చేర్చిందేనట. ఉన్న ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళకి, కూతురో కొడుకో వెళ్ళిపోయిన తల్లులకి, ఆ మాట మంటమీద కారంలా తగిలింది.

మేడ ఊడ్చి శుభ్రం చేసుకునేలోగానే మళ్ళీ నిండిపోయింది. ఈసారి ఇంకా ఎక్కువమంది. అక్టోబరు 3న తూర్పు జర్మనీ చెకోస్లొవేకియా సరిహద్దు కూడా మూసేసింది. ఇప్పుడు తూర్పు జర్మనీవాళ్ళకు నాలుగు దిక్కులా తలుపులు మూసుకుపోయాయి. రెండోసారి రైళ్ళు డ్రెస్డెన్ మీదుగా పోతాయని తెలిసి, 4వ తేదీ రాత్రి వేలాదిమంది ఆ స్టేషనుకు చేరారు. కదిలే బండి ఎలాగైనా ఎక్కాలని తోసుకున్నారు. పోలీసులతో పెద్ద కొట్లాట జరిగింది. నలుగురికీ కనపడకుండా పంపాలనుకున్న రైళ్ళు, తమ నేలమీదుగానే పోవాలన్న పంతంవల్ల, ఊరూరికీ కబురు చేరవేశాయి. పరువు కోసం పెట్టిన షరతే పరువు తీసింది.

తరువాతిది త్వరగా చెబుతాను. అక్టోబరు 9న లైప్జిగ్‌లో సుమారు 70,000 మంది కొవ్వొత్తులతో శాంతంగా ఊరేగారు. 18న హోనెకర్ దిగిపోయాడు. నవంబరు 1న చెకోస్లొవేకియా దారి మళ్ళీ తెరవగానే ఎంబసీ మూడోసారి నిండింది. 3వ తేదీనుంచి అక్కడివాళ్ళను తిన్నగా పడమటికి పోనిచ్చారు. ప్రాగ్ మీదుగా దారి ఉన్నాక బెర్లిన్‌లో గోడ ఎందుకు? నవంబరు 9 రాత్రి ఆ గోడ తెరుచుకుంది. 17న ప్రాగ్ విద్యార్థులే వీధుల్లోకి వచ్చారు. ఆ డిసెంబరు 29న, ఎన్నోసార్లు జైలుకు వెళ్ళివచ్చిన నాటకకర్త వాత్స్లావ్ హావెల్ చెకోస్లొవేకియా అధ్యక్షుడయ్యాడు. 1990 అక్టోబరు 3న రెండు జర్మనీలూ ఒకటయ్యాయి.

ఒక ఎంబసీ తోట వల్ల గోడ కూలిందని నేననను. దానికి ఎన్నో కారణాలున్నాయి. సొంత ఊళ్ళల్లోనే ఉండి, మేము ఎక్కడికీ పోము, ఇక్కడే మార్పు రావాలి అని నిలబడినవాళ్ళ ధైర్యం ఇంకా గొప్పది. కాని ఆ గోడలో మొదట కదిలిన రాళ్ళలో ఒకటి ఈ తోటలో కదిలిందని ఎవరూ కాదనరు.

ఇప్పుడు ఆ మేడలో ఉమ్మడి జర్మనీ ఎంబసీ ఉంది. తోటలో పచ్చిక మళ్ళీ పెరిగింది. ఆ సాయంత్రాన్ని గుర్తుచేస్తూ బాల్కనీలో ఒక ఫలకం పెట్టారు. తోటలో ఒక విచిత్రమైన బొమ్మ ఉంది. ట్రాబంట్ కారుకు చక్రాలకు బదులు నాలుగు పెద్ద కాళ్ళు! దాన్ని మొదట 1990లో చేసినవాడు డేవిడ్ చెర్నీ అనే చెక్ శిల్పి. వెనకవైపు కంచె దగ్గరకు వెళ్ళి ఎవరైనా దాన్ని చూడవచ్చు. కంచె ఇంకా అక్కడే ఉంది. గెన్షర్ 2016 మార్చి 31న కన్నుమూశాడు.

ప్రపంచంలో ఎన్నో ఎంబసీల ముందు ఈనాటికీ మనుషులు కాగితాలు పట్టుకుని నుంచుంటున్నారు. అందరికీ తలుపు తెరవడం ఏ దేశానికీ సాధ్యం కాదు, ఆ సంగతి మనకు తెలుసు. ప్రాగ్‌లో తెరిచినవారికి కూడా, వచ్చినవాళ్ళు తమవాళ్ళే అన్న రాజ్యాంగం అండ ఉంది. అయినా రాజ్యాంగంలో అక్షరం ఉండడం వేరు, వానలో బురదలో నిలబడి కంచెమీంచి బిడ్డను అందుకోవడం వేరు. ఆ రెండూ కలిసిన కొద్ది వారాల వల్లనే, మూడు వందల ఏళ్ళనాటి ఆ మేడను ఈ రోజు కట్టించిన జమీందారు పేరుతోనో, నమూనా గీసిన శిల్పి పేరుతోనో గాక, తోటలో తడిసిన ఆ జనం పేరుతో తలుచుకుంటున్నారు.